మూడు రోజుల కాల్షీట్లు... నంద్యాల నుంచి అహోబిలం దాకా!

తెలుగులో మొట్టమొదటి టాకీ ఏదని అడిగితే మన పాఠకుల్లో ఎవరైనా ఠక్కున చెప్పేస్తారు - 1932లో విడుదలైన హెచ్.ఎం.రెడ్డి 'భక్త ప్రహ్లాద' అని! మరి ఆ ప్రహ్లాదుడి కోసం స్తంభం చీల్చుకుని నరసింహస్వామి వచ్చిన చోటు ఎక్కడుందో చెప్పమంటే? చాలామంది తల గోక్కుంటారు. స్థలపురాణం ప్రకారం ఆ చోటు మన రాయలసీమలోనే వుంది. ఆళ్ళగడ్డకు సుమారు పాతిక కిలోమీటర్ల దూరంలో, నల్లమల కొండల్లో వున్న అహోబిలమే అది.

ఔట్‌డోర్‌కి బయల్దేరే ముందు సినిమావాళ్ళు మూడు లెక్కలు వేసుకుంటారు. లొకేషన్లు ఎన్ని? చేతిలో రోజులు ఎన్ని? ఎండ ఎంతసేపు వుంటుంది? విహారయాత్రకు వెళ్ళే మనకూ ఆ మూడు లెక్కలే కావాలి. నాలుగోది ఇంకొకటి వుంది - మనతో వచ్చేది ఎవరు?

మా అక్క కూతురికి క్రితం సంవత్సరం పెళ్ళయింది. అబ్బాయి ఉద్యోగం పోలెండులోని క్రాకోవ్ నగరంలో. వీసా వచ్చింది, టిక్కెట్టు వచ్చింది. ఈ పిల్ల అప్పటికే ఒక నోట్‌బుక్కులో అక్కడి యాత్రకు ప్లాను గీసేసింది. వార్సాకు ఒక రోజు, క్రాకోవ్‌కు ఒక రోజు, ఆ పక్కనే వున్న విలిచ్కా వుప్పు గనికి ఒక పూట. యుద్ధంలో నేలమట్టమైన వార్సా పాతబస్తీని మళ్ళీ రాయి రాయి పేర్చి కట్టారనీ, క్రాకోవ్ మాత్రం కూలకుండా నిలబడిందనీ నాకు పాఠం కూడా చెప్పింది.

"అదంతా బాగానే వుందమ్మాయ్! మీ అమ్మమ్మ పుట్టిన ఆళ్ళగడ్డ ఎప్పుడన్నా చూశావా?" అన్నాను.

"లేదు మామా!" అంది.

పక్కనే కూర్చున్న మా అమ్మ అప్పుడు నోరు విప్పింది. "ఈ పిల్ల పోయిందంటే మళ్ళా ఎన్నేండ్లకొస్తాదో. ఒక్కసారి దీనితో కలిసి అహోబిలం చూడాలనుందిరా" అంది.

అమ్మకు డెబ్భై ఆరేళ్ళు. మోకాళ్ళ నొప్పులు. ప్రయాణానికి మిగిలింది పది రోజులు, అందులో మాకు దొరికింది మూడే! అప్పుడు ఆ పోలెండు నోట్‌బుక్కులోనే వెనక పేజీ తిప్పి ప్లాను వేశాం. పాఠకులకు పనికొస్తుందని ఇక్కడ ఇస్తున్నాను.

మొదటి రోజు - తొమ్మిది నందులు

2022లో జిల్లా కేంద్రమైన నంద్యాలకు ఆ పేరే నందుల వల్ల వచ్చిందంటారు. చుట్టూ తొమ్మిది నందులున్నాయి. ప్రథమనంది, నాగనంది, సోమనంది వూళ్ళోనే వున్నాయి కాబట్టి పొద్దున్నే వీటిని చూసేయవచ్చు. ఆ తరువాత సూర్యనంది, శివనంది, విష్ణునంది, గరుడనంది, వినాయకనంది. అన్నిటికీ పెద్ద మహానంది. కార్తీక సోమవారాల్లో భక్తులు తొమ్మిదింటినీ సూర్యాస్తమయం లోపల చుట్టి వస్తారు. ఆ రోజుల్లో వెళితే జనం, జాతర. తీరిగ్గా చూడాలంటే వేరే రోజు మంచిది.

మేము తొమ్మిదీ చూడలేదు. వూళ్ళోవి మూడూ, మహానంది, దాని పక్కనున్న గరుడ, వినాయక నందులు - ఆరు చూశాం. అమ్మ అన్నిసార్లు కారు దిగి ఎక్కలేదు కదా! మహానంది కోనేటి నీళ్ళు ఎంత తేటగా వుంటాయంటే, అడుగున పడిన రూపాయి బిళ్ళ కూడా కనబడుతుంది. శివలింగం కింద పుట్టిన ఆ వూట నీళ్ళే గుడి దాటి బయటి పొలాలకు పారతాయి. చుట్టూ పచ్చటి అరటి తోటలు. అమ్మ ఆ కోనేటి గట్టు మీద గంటసేపు కూర్చుంది, మనవరాలు ఆవిడ పక్కనే.

రెండో రోజు - బంగళా, బసవన్న, బిలం

ఈ రోజు కుర్రకారు అందరూ ఎదురుచూసే లొకేషన్ వుంది. బనగానపల్లె! మామిడిపండ్లకు పేరుమోసిన ఈ వూరు 1948 దాకా నవాబుల సంస్థానం. ఇక్కడి పాత నవాబు బంగళానే 2009లో వచ్చిన కోడి రామకృష్ణ చిత్రం 'అరుంధతి'లో మనం చూసింది. కథలో అది గద్వాల కోట, కెమెరా ముందు మాత్రం బనగానపల్లె బంగళా! ఇప్పుడు జనం నోట దాని పేరే 'అరుంధతి బంగళా' అయిపోయింది. ఫోటోలు తీసుకోండి, కానీ గోడల మీద పేర్లు మాత్రం చెక్కకండి బాబూ!

అదే వూళ్ళో రవ్వలకొండ వుంది. వీరబ్రహ్మేంద్రస్వామి అచ్చమ్మగారి ఆవులు కాస్తూ కాలజ్ఞానం రాసింది ఇక్కడి గుహలోనే అని ప్రతీతి. ఎన్.టి.రామారావు బ్రహ్మంగారి పాత్ర వేసి, దర్శకత్వం కూడా వహించిన చిత్రం 1984లో వచ్చింది, గుర్తుందా?

అక్కడి నుంచి పది పన్నెండు కిలోమీటర్లు వెళితే యాగంటి. బసవన్న ఏటేటా పెరుగుతున్నాడనీ, ఒకప్పుడు చుట్టూ ప్రదక్షిణం చేసేవాళ్ళు ఇప్పుడు స్తంభాల మధ్య పట్టడం లేదనీ చెబుతారు. అగస్త్యుడి శాపం వల్ల కాకులు వాలవని మరో కథ.

మధ్యాహ్నం మూడు లోపు బెలుం గుహలకు చేరాలి. నేల మీద నిలబడితే అక్కడ గుహ వున్నట్టే తెలియదు, గొయ్యిలోకి దిగితే లోపల మరో లోకం! మొత్తం పొడవు 3,229 మీటర్లు. మనల్ని పోనిచ్చేది ఒకటిన్నర కిలోమీటరు. 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ అనే భూగర్భ శాస్త్రజ్ఞుడు వీటి గురించి రాశాడు. 1982-83లో డేనియల్ గెబావర్ నాయకత్వంలో జర్మన్ల బృందం లోపలికి దిగి కొలతలు తీసింది. లోపల వుక్క జాస్తి, నూలు బట్టలు వేసుకోండి. "విలిచ్కా గనిని మనుషులు తవ్వారు మామా, దీన్ని నీళ్ళే తవ్వాయి!" అంది మా పిల్ల. నిజమే, సున్నపురాయిని లక్షల ఏళ్ళు నీరు కరిగించి చేసిన సెట్టింగ్ ఇది.

ఇక్కడొక కిటుకు వుంది. రాత్రికి మళ్ళీ నంద్యాల పోకండి. కోయిలకుంట్ల మీదుగా ఆళ్ళగడ్డ చేరి అక్కడే పడుకోండి. మూడో రోజు పొద్దున రెండు గంటలు మిగులుతాయి.

మూడో రోజు - క్లైమాక్స్

ఆళ్ళగడ్డలో వుదయమే ఉలి చప్పుడు వినిపిస్తుంది. తరతరాలుగా శిల్పులున్న వూరు. రోడ్డు పక్కనే దేవుళ్ళు, నాయకులు సగం సగం చెక్కి నిలబడి వుంటారు. అమ్మ తను పుట్టిన వీధి చూపించింది. ఇల్లు లేదు, వేపచెట్టు వుంది. మనవరాలు దానికి ఫోటో తీసుకుంది.

అహోబిలంలో తొమ్మిది నరసింహ క్షేత్రాలు. ఒక్క రోజులో తొమ్మిదీ అంటే పరుగు పందెమే! దిగువ అహోబిలం గుడి, దగ్గర్లోనే వున్న యోగానంద, ఛత్రవట నరసింహులు, పైకి వెళ్ళే దారిలో కారంజ, తరువాత ఎగువ అహోబిలం - ఇంతవరకూ కారులో పెద్దవాళ్ళు కూడా రావచ్చు. ఆ పైన భవనాశిని పక్కగా జ్వాలా నరసింహుడి దాకా నడకే. రాళ్ళు, మెట్లు, నీళ్ళు. హిరణ్యకశిపుణ్ణి చీల్చిన చోటు అదేనంటారు. ఇంకా పైన ఉగ్రస్తంభం - 1967 'భక్త ప్రహ్లాద'లో బేబీ రోజారమణి, ఎస్.వి.రంగారావు ఎదురెదురుగా నిలబడ్డ ఆ స్తంభం ఇక్కడ ఏకంగా ఒక కొండ!

"పొద్దు మునిగేలోపల దిగాల సామీ, అడివి ఇది" అని మా డ్రైవరు ముందే చెప్పాడు.

ఎగువ గుడి దగ్గర పెద్ద చిక్కు వచ్చింది. అమ్మమ్మను వదిలి పైకి రానని మా పిల్ల భీష్మించింది. అమ్మ మండపంలో చతికిలబడి, "నేనీడనే కూసుంటా. నువ్వు పోయి చూసొచ్చి నాకు చెప్పు. చెంచులక్ష్మి సినిమా టూరింగ్ టాకీసులో చూసినప్పటి నుంచి ఆ కొండ ఎట్లుంటాదో నాకూ తెలుసుకోవాలనుంది" అంది. ఆ 'చెంచులక్ష్మి' 1958 నాటిది, నాగేశ్వరరావు, అంజలీదేవి నటించింది. అక్కడి చెంచుల ఆడపడుచును నరసింహుడు పెళ్ళాడిన కథ.

నేను అమ్మ దగ్గర వుండిపోయాను. పిల్ల, వాళ్ళాయన పైకి వెళ్ళి మూడు గంటల తరువాత చెమటలు కక్కుతూ దిగారు. ఆ తరువాత అరగంట సేపు అమ్మ ప్రశ్నలడగడం, మనవరాలు చేతులు తిప్పుతూ వర్ణించడం! నేను జ్వాల చూడలేదనే లోటే అనిపించలేదు.

ఇక మీరు వెళ్ళేట్టయితే రెండు ముక్కలు. తొమ్మిది నందులూ, తొమ్మిది నరసింహులూ, బిలమూ మూడు రోజుల్లో ఇరికించాలని చూడకండి. కొన్ని వదిలేయండి. మీతో వచ్చే పెద్దవాళ్ళు ఎక్కడిదాకా నడవగలరో ముందు చూసుకుని, అక్కణ్ణించి ప్లాను మొదలుపెట్టండి. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా వాతావరణం బావుంటుంది. సంక్రాంతి వేళ అయితే ఇంకో వేడుక వుంది - పారువేట. తన పెళ్ళికి జనాన్ని పిలవడానికి స్వామి పల్లకీలో నలభై రోజులకు పైగా చుట్టుపక్కల పల్లెలన్నీ తిరుగుతాడు. ఫాల్గుణంలో పెళ్ళి, బ్రహ్మోత్సవాలు. ఆ రోజుల్లో అహోబిలంలో గది దొరకడం కష్టం, ముందుగానే బస చూసుకోండి!