మీకు తెలుసా? గౌరమ్మది పోయినేటి పసుపు

పెత్రమాస నాటికి ఆర్మూరు చుట్టుపక్కల పసుపు చేలు నడుమెత్తు పెరిగి పచ్చగా ఊగుతుంటాయి. కొమ్ము మాత్రం ఇంకా మట్టిలోనే ఊరుతుంటుంది. జూన్‌లో పెట్టిన పసుపు సంక్రాంతి దాటితే గానీ తవ్వకానికి రాదు. తవ్వాక ఉడకబెట్టాలి, ఎండబెట్టాలి, డ్రమ్ములో తిప్పి మెరుగు పెట్టాలి. కాబట్టి పెత్రమాస సాయంత్రం ఎంగిలిపూల బతుకమ్మ మీద కూర్చునే పసుపు గౌరమ్మ పోయినేడు నాటిన పంట. కాకుంటే అంతకంటే పాతది. ఆమె నుదుటి కుంకుమదీ అదే పుట్టుక: పసుపుకు సున్నం తగిలితే ఎర్రబడుతుంది. పాతకాలపు కుంకుమ కిటుకంతా అదే. (అంగట్లో దొరికే ప్రతి ఎర్రపొడీ అలా చేసిందే అనుకోకండి.)

ఆర్మూరు ఉన్న నిజామాబాద్‌లో 2019 లోక్‌సభ ఎన్నికల బరిలో నిలిచిన 185 మందిలో 178 మంది పసుపుకు ధర కావాలని, బోర్డు కావాలని దిగిన రైతులే. జాతీయ పసుపు బోర్డు 2025 జనవరిలో నిజామాబాద్‌కు వచ్చింది. గౌరమ్మకైతే పిడికెడు చాలు.

బతుకమ్మలో పేర్చే గునుగు పువ్వు సంగతి ఇంకా తమాషా. జొన్న, మక్క చేలలో అది కలుపు మొక్క. దసరా ముందు దాన్నే వెతుక్కుంటూ చేలగట్ల వెంట తిరుగుతారు. దాని రేకులు కాగితంలా పొడిగా ఉంటాయి, తొందరగా వాడవు. అందుకే తెల్లని గునుగును కట్టలు కట్టి, కొసలు సమంగా కోసి, ఎరుపు, నీలం, ఆకుపచ్చ రంగుల్లో ముంచితే పట్టిన రంగు పట్టినట్టే ఉంటుంది. తంగేడుకు ఆ అద్దకం అక్కర్లేదు, దాని పసుపు దానికి పుట్టుకతోనే ఉంది. తెలంగాణ రాష్ట్ర పుష్పం కూడా అదే. సిబ్బిలో గుమ్మడాకులు పరిచి, వరుస మీద వరుస పేరుస్తూ, నడిమి ఖాళీని తరిగిన ఆకులతో కూరుతూ పోతే గోపురం లేస్తుంది. ఇప్పటి కళాకారులు మిక్స్‌డ్ మీడియా అని పేరు పెట్టుకున్న పని ఇదే కదా!

అయితే పాట లేకపోతే అది పూలకుప్పే. ఒకరు చరణం ఎత్తుకుంటారు, మిగతావాళ్లు ‘ఉయ్యాలో’ అనో, ‘చందమామ’ అనో అందుకుంటారు. ఆ ఒక్క మాట పాడేలోపు ముందామెకు తర్వాతి చరణం గుర్తొచ్చే వ్యవధి దొరుకుతుంది. గుర్తు రాకపోతే అక్కడికక్కడే కట్టే వీలూ ఉంది. నూరుగురు కొడుకులను పోగొట్టుకున్న చోళరాజు ధర్మాంగదుడి ఇంట లక్ష్మి బిడ్డై పుట్టిన కథ, సీతమ్మ కష్టాలు, నిన్నమొన్నటి తెలంగాణ ఉద్యమం, అన్నీ ఈ కొలతలోనే ఇమిడిపోయాయి. తాళానికి చప్పట్లే వాద్యం. ఇప్పుడు డీజే పెట్టెలొచ్చాయి. అవి చరణం మరిచిపోవు, కొత్తది కట్టనూ లేవు.

తొమ్మిదో నాడు సద్దుల బతుకమ్మను చెరువులో వదులుతారు. పూలు నీళ్లలోకి పోతాయి. గౌరమ్మ పసుపును మాత్రం ఆడవాళ్లు పంచుకుని పుస్తెలకు పూసుకుంటారు.