ఫోనులో పాచికలు వేయడం ఎలా?

పిల్లలూ, శకుని పాచికల కథ మీకు తెలుసు. ధర్మరాజు ఎదురుగా కూర్చుని, పాచికలు పడటం కళ్ళారా చూస్తూ కూడా ఓడిపోయాడు. మరి పాచికలు వేసేవాడు వందల కిలోమీటర్ల దూరంలో ఉంటే? "నాకు ఆరు పడింది" అని వాడు ఫోనులో చెబితే నమ్మడం ఎలా?

ఈ ప్రశ్నను నా దగ్గరకు తెచ్చింది అహోబిలంలోని మా బడి పిల్లలే. వాళ్ళు నలుగురు స్నేహితులు. ఒకడి తండ్రికి బెంగుళూరులో పని దొరకడంతో ఆ కుటుంబం అక్కడికి వెళ్ళిపోయింది. అయినా నలుగురూ ఆట మానలేదు. ప్రతి ఆదివారం సాయంత్రం ఫోనులో కలుసుకుని ఆడేవారు.

అది ఎటువంటి ఆట? ఒకరు కథ చెబుతారు. మిగిలినవారు కథలో తలా ఒక పాత్ర తీసుకుంటారు. వీధినాటకంలో లాగా పాత్రలుంటాయి గాని, ముందుగా రాసిన మాటలుండవు. ఇటువంటి ఆటల్లో మొదట అచ్చయి పేరు పొందినది 'డంజన్స్ అండ్ డ్రాగన్స్'. గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు 1974లో అమెరికాలో దీనిని వెలువరించారు. మన పిల్లల కథ మాత్రం నల్లమల అడవిలో జరుగుతుంది. వేటగాడు వరదలో ఉన్న భవనాశి వాగు దాటాలి. దాటగలడా, జారిపడతాడా? ఆ సంగతి ఇరవై ముఖాల పాచిక తేలుస్తుంది. 12 గాని, అంతకన్న ఎక్కువ గాని పడితే దాటినట్టు. అంటే 20 అవకాశాలలో 9 అనుకూలం.

ఒక ఆదివారం బెంగుళూరు అబ్బాయికి వరుసగా మూడుసార్లు 20 పడిందట. "అబద్ధం చెప్తాన్నాడు సార్!" అన్నారు మిగిలిన ముగ్గురు. ఆ అబ్బాయి అలిగి ఫోను పెట్టేశాడు. మాటలు ఆగిపోయాయి.

లెక్క చూద్దాం. ఒకసారి 20 పడే సంభావ్యత 1/20. వరుసగా మూడుసార్లు పడాలంటే 1/20 × 1/20 × 1/20, అంటే 1/8000. చాలా తక్కువే, కాని సున్నా కాదు. కాబట్టి దానిని బట్టి వాడు అబద్ధమాడాడని తేల్చలేం. నిజం చెప్పాడనీ తేల్చలేం. ఇక్కడ కష్టమంతా నిజాయితీపరుడిదే. తన నిజాయితీని చూపించుకోవడానికి అతనికి దారి లేదు.

కంప్యూటరు ప్రోగ్రాము చేతనే పాచికలు వేయించవచ్చు కదా అని మీరు అడగవచ్చు. వేయించవచ్చు. అప్పుడు ఆ ప్రోగ్రాము రాసినవారిని నమ్మాలి. ఎవరినీ నమ్మనక్కరలేని పద్ధతి ఉందా?

ఉంది. 1981లో మాన్యుయెల్ బ్లమ్ అనే కంప్యూటర్ శాస్త్రవేత్త ఫోనులో బొమ్మా బొరుసూ వేసే పద్ధతిని వివరించాడు. 1995లో ఆయనకు ట్యూరింగ్ బహుమతి లభించింది. ఆయన ఆలోచనను మన బడి లెక్కలకు తగ్గట్టు చెప్పుకుందాం.

3 కన్న పెద్దదైన ఏ ప్రధాన సంఖ్యనైనా 6తో భాగించండి. శేషం 1 గాని 5 గాని వస్తుంది. శేషం 0, 2, 4 వస్తే అది సరిసంఖ్య. 3 వస్తే అది 3తో భాగింపబడుతుంది. అవి ప్రధాన సంఖ్యలు కాలేవు.

ఇప్పుడు నేను రహస్యంగా రెండు ప్రధాన సంఖ్యలు ఎంచుకుని, వాటి లబ్ధం మాత్రం మీకు చెబుతాను: 8633. రెండింటిలో పెద్దదానిని 6తో భాగిస్తే శేషం 1 వస్తుందా, 5 వస్తుందా? మీరు వెంటనే ఊహించి చెప్పాలి. మీ ఊహ సరిపోతే బొమ్మ, తప్పితే బొరుసు. మీరు "5" అన్నారనుకుందాం. అప్పుడు నేను రహస్యం విప్పుతాను: 89, 97. పెద్దది 97, దాని శేషం 1. కాబట్టి బొరుసు!

నేను మోసం చేయగలనా? మీ జవాబు విన్నాక సంఖ్యలను మార్చలేను. ఒక సంఖ్యను ప్రధాన కారణాంకాల లబ్ధంగా ఒకే విధంగా రాయగలమని అంకగణిత ప్రాథమిక సిద్ధాంతం చెబుతోంది కదా! 8633 అనగానే నేను కవరు అంటించేసినట్టే. విప్పాక, అవి నిజంగా ప్రధాన సంఖ్యలేనా అని మీరు సరిచూసుకుంటారు.

మరి మీరు మోసం చేయగలరా? 8633ను 6తో భాగిస్తే శేషం 5. అంటే ఒకదాని శేషం 1, మరొకదానిది 5 అని తెలుస్తుంది; పెద్దదానిది ఏదో తెలియదు. కారణాంకాలు కనుక్కుంటే తెలుస్తుంది. 2 నుంచి వరుసగా ప్రధాన సంఖ్యలతో భాగిస్తూ పోతే 24వ ప్రయత్నంలో 89 దొరుకుతుంది. అందుకే కంప్యూటర్లు చాలా పెద్ద సంఖ్యలు వాడతాయి. 2020లో 250 అంకెల సంఖ్య ఒకదానిని కారణాంకాలుగా విడదీశారు. అందుకు పట్టిన పని, ఒకే ప్రాసెసర్ కోర్ చేస్తే సుమారు 2700 సంవత్సరాల పని!

బొమ్మా బొరుసుల నుంచి ఇరవై ముఖాల పాచిక ఎలా వస్తుంది? ఐదుసార్లు వేయండి. బొమ్మ పడినప్పుడు వరుసగా 16, 8, 4, 2, 1 కలుపుకోండి, బొరుసుకు సున్నా. బొమ్మ, బొరుసు, బొరుసు, బొమ్మ, బొరుసు అయితే 16 + 2 = 18. ఇలా 0 నుంచి 31 వరకు ప్రతి సంఖ్యకూ సమాన అవకాశం ఉంటుంది. 1 నుంచి 20 లోపు వస్తే తీసుకోండి. లేకపోతే మళ్ళీ వేయండి.

ఒక చిక్కు మిగిలింది. ఓడిపోతున్నానని తెలిసి "నెట్ పోయింది" అని కవరు విప్పకపోతే? నిజంగానే పోవచ్చు కూడా. 2020 ఆగస్టు 30న జరిగిన ఆన్‌లైన్ చదరంగం ఒలింపియాడ్ ఫైనల్లో ఇదే జరిగింది. మన కోనేరు హంపి, ద్రోణవల్లి హారిక, పెంటేల హరికృష్ణ ఉన్న భారత జట్టు రష్యాతో తలపడింది. ఇంటర్నెట్ తెగిపోవడంతో ఇద్దరు భారత ఆటగాళ్ళకు గడియారంలో సమయం అయిపోయింది. చివరకు రెండు జట్లనూ విజేతలుగా ప్రకటించారు. కనుక ఫోను తెగితే ఏం చేయాలో ఆటకు ముందే ఒప్పుకోవాలి. దానిని ఏ గణితమూ తేల్చదు.

మా పిల్లలు ఇప్పుడు మళ్ళీ ఆడుతున్నారు. మొదటి రోజు ఒక్క పాచికకే పావుగంట పట్టిందట! ఇప్పుడు కథలో ప్రాణాపాయం వచ్చినప్పుడే ఈ పద్ధతి వాడుతున్నారు. మిగిలిన వేళల్లో ఎవరు ఎంత పడిందంటే అంతే. అడిగితే రుజువు చూపగలమన్న ధైర్యం వచ్చాక, అడిగేవారే తగ్గిపోయారు.

ఇక మీకొక కవరు. నా లబ్ధం 11021. పెద్ద ప్రధాన సంఖ్యను 6తో భాగిస్తే శేషం 1 వస్తుందా, 5 వస్తుందా? ముందు ఊహించి కాగితం మీద రాయండి. తరువాత కారణాంకాలు కనుక్కోండి. 27 ప్రధాన సంఖ్యలకన్న ఎక్కువ ప్రయత్నించనక్కరలేదు. ఆ తరువాత దూరపు ఊళ్ళో ఉన్న మీ స్నేహితునికి ఫోను చేసి, మీరే ఒక కొత్త కవరు అంటించండి!