మనవల సందడిలో మాత్రలు మరవొద్దు!

2022 జనవరిలో సంక్రాంతి వెళ్లిపోయింది. సకినాల డబ్బా ఖాళీ అయింది. పిల్లలు మాత్రం ఇంకా ఇంట్లోనే ఉండిపోయారు. తెలంగాణలో ఆ నెల 8న మొదలైన బడి సెలవులను కొవిడ్ కేసులు పెరగడంతో 30వ తేదీ వరకు పొడిగించారు. అమ్మానాన్నలకు ఉద్యోగాలకు వెళ్లక తప్పలేదు. ఇంటి నుంచి పనిచేసేవారైనా లాప్‌టాప్ ముందు నుంచి లేవలేకపోయారు. దాంతో చాలా ఇళ్లలో పొద్దున లేచిన దగ్గర్నుంచి రాత్రి పడుకునే దాకా పిల్లల బాధ్యత తాతయ్యలు, నాయనమ్మలు, అమ్మమ్మలదే అయింది.

చిక్కంతా ఇక్కడే ఉంది. పదిహేనేళ్లలోపు పిల్లలకు మన దగ్గర అప్పటికి ఇంకా టీకా రాలేదు. వారిలో చాలామందికి కొవిడ్ సోకినా జలుబు, రెండు మూడు రోజుల జ్వరంతో తగ్గిపోతుంది. అదే వైరస్ బీపీ, షుగర్, గుండె జబ్బు, ఆస్తమా ఉన్న పెద్దలకు సోకితే ఆసుపత్రి దాకా తీసుకురావచ్చు. ‘పిల్లలకు దూరంగా ఉండండి’ అని చెప్పడం డాక్టర్లకు తేలికే. చూసుకోవడానికి ఇంట్లో మరో మనిషి లేనప్పుడు అది జరిగే పని కాదు. కాబట్టి మనవలను చూసుకుంటూనే ఈ చలిలో ఆరోగ్యాన్ని కాపాడుకోవడం ఎలాగో రోజు గడిచే వరసలోనే చూద్దాం.

తెల్లవారుజామున తొందర వద్దు

చలికి రక్తనాళాలు కుంచించుకుపోతాయి. అందుకే చలికాలంలో, ముఖ్యంగా ఉదయం పూట బీపీ పెరుగుతుంది. మెలకువ రాగానే చటుక్కున లేవకండి. రెండు నిమిషాలు మంచం అంచున కూర్చుని, స్వెటర్ వేసుకుని, చెవులు కప్పుకొని లేవండి. నడక అలవాటుంటే ఎండ వచ్చాకే వెళ్లండి. పిల్లలకు వెచ్చగా ఉంటుందని తలుపులన్నీ మూసి గదిలో బొగ్గుల కుంపటి పెట్టొద్దు. దాని నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు. నిద్రలోనే ప్రాణం తీస్తుంది.

టిఫిన్ వేళ.. ముందు మీ పళ్లెం

ఇటీవల మా ఓపీకి వచ్చిన ఒక నాయనమ్మకు బీపీ 180 దాటింది. మాత్రలు వేసుకుంటున్నారా అని అడిగితే, ‘‘ఒకడు తింటే ఇంకొకడు తినడు సారూ. ఇద్దరి ఎనక తిరిగేసరికి పన్నెండైతది. గోలీలు యాదికే ఉండవు’’ అంది. ఈ మాట రోజూ వింటున్నాం. కొందరు ఇన్సులిన్ తీసుకుని, పిల్లల హడావుడిలో తినడమే మరచిపోతున్నారు. అప్పుడు షుగర్ పడిపోయి చెమటలు, వణుకు, కళ్లు తిరగడం మొదలవుతాయి. చంకలో పసిబిడ్డ ఉంటే ఇద్దరికీ ప్రమాదమే. అలా అనిపిస్తే వెంటనే బిడ్డను కింద దించి, మీరు కూర్చుని, మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలుపుకొని తాగండి. పావుగంటలో తగ్గకపోతే మరోసారి తాగండి. తగ్గాక ఏదైనా తినండి.

మాత్రలు పిల్లలకు అందని ఎత్తులో పెట్టండి. కొన్ని రకాల షుగర్ మాత్రలు ఒక్కటి మింగినా పసివాళ్లకు ప్రాణాపాయమే.

మధ్యాహ్నం ఎండలో ఆటలు

మూసిన గదిలో వైరస్ గాలిలోనే నిలిచి ఉంటుంది. ఎండ ఉన్నంతసేపు కిటికీలు తెరవండి. పిల్లలను డాబా మీదో, వాకిట్లోనో ఆడించండి. బయటి నుంచి రాగానే సబ్బుతో చేతులు కడిగించండి. ఐదేళ్లలోపు పిల్లలకు మాస్కు వద్దు. 6 నుంచి 11 ఏళ్లవారు సరిగా పెట్టుకోగలిగితే పెద్దల పర్యవేక్షణలో పెట్టొచ్చు. మీరు తిన్న చెంచాతో వారికి పెట్టడం, వారి ఎంగిలి మీరు తినడం కొన్నాళ్లు మానండి.

నడుం వంచి పిల్లలను ఎత్తుకోవద్దు. మీరు కూర్చుని, వారినే ఒళ్లోకి రమ్మనండి. నేలపై చెల్లాచెదురుగా ఉన్న బొమ్మల మీద కాలు జారి తుంటి ఎముక విరిగితే నెలల తరబడి మంచమే. దాహం వేయకపోయినా మధ్యమధ్య గోరువెచ్చని నీళ్లు తాగండి. గుండె, కిడ్నీ జబ్బులున్నవారు డాక్టర్ చెప్పిన కొలతే పాటించాలి.

మనవడికి ముక్కు కారుతుంటే..

జలుబును ‘చలి వల్లే’ అని కొట్టిపారేయొద్దు. పరీక్ష చేయించండి. ఫలితం వచ్చేదాకా ఆ బిడ్డ అమ్మానాన్నల దగ్గరే పడుకోవాలి. వేరే దారి లేక మీరే చూసుకోవాల్సి వస్తే ఎన్95 మాస్కు పెట్టుకోండి, కిటికీ తెరిచి ఉంచండి. పాజిటివ్ వస్తే కనీసం ఏడు రోజులు, అందులో చివరి మూడు రోజులు జ్వరం లేకుండా గడిచేదాకా విడిగా ఉంచాలన్నది 2022 జనవరి నాటి నిబంధన.

ఆవిరి పట్టే గిన్నెను పిల్లలు తిరిగే చోట పెట్టొద్దు. మరిగే నీళ్లు ఒలికితే ఒళ్లు కాలుతుంది. మీకు జలుబు చేస్తే మందుల షాపులో అడిగి మాత్రలు తెచ్చుకోవద్దు. కొన్ని జలుబు మాత్రలు బీపీని పెంచుతాయి. ప్రోస్టేట్ సమస్య ఉన్నవారికి మూత్రం బంద్ కావచ్చు. డాక్టర్ చెప్పకుండా స్టెరాయిడ్లు వాడితే షుగర్ అదుపు తప్పుతుంది.

ఎప్పుడు ఆలస్యం చేయకూడదు?

వృద్ధుల్లో కొందరికి జ్వరమే రాదు. మగతగా ఉండటం, తిండి మానేయడం, మాట తడబడటం, మనుషులను గుర్తుపట్టకపోవడం కూడా లక్షణాలే. ఆయాసం, ఛాతీలో నొప్పి, మూడు రోజులు దాటినా తగ్గని జ్వరం ఉంటే వెంటనే ఆసుపత్రికి రండి. అత్యవసరమైతే 108కి ఫోన్ చేయండి. ఆక్సిజన్ 93 లేదా అంతకన్నా తక్కువ చూపిస్తే ఒకసారి చేతులు రుద్దుకొని మళ్లీ చూడండి. వేళ్లు చల్లబడితే పల్స్ ఆక్సీమీటర్ తప్పు చూపొచ్చు. అయినా అంతే ఉంటే ఆగొద్దు. అరవై దాటినవారికి పాజిటివ్ వస్తే ఇంట్లో ఉండాలా, ఆసుపత్రిలో చేరాలా అన్నది డాక్టర్ చూసి చెప్పాలి.

దీర్ఘకాలిక జబ్బులున్న 60 ఏళ్లు పైబడినవారికి 2022 జనవరి 10 నుంచి ప్రికాషన్ డోసు ఇచ్చారు. అప్పట్లో రెండో డోసు తీసుకుని 39 వారాలు నిండితే సరిపోయేది. సర్టిఫికెట్ అక్కర్లేకుండా నేరుగా కేంద్రానికి వెళ్లే వీలుండేది. అంతకుముందు వేసుకున్న టీకానే అప్పట్లో మళ్లీ వేసేవారు.

కొడుకులకు, కూతుళ్లకు ఓ మాట

అమ్మానాన్న ‘మాకేం, బాగానే ఉన్నాం’ అనే అంటారు. పిల్లలతో గడపడం వారికి ఇష్టమే. అయితే ఒంట్లో ఓపికకు హద్దుంటుంది. మధ్యాహ్నం గంటసేపు వారు నడుం వాల్చేలా మీ పనివేళలు సర్దుకోండి. వారం రోజుల మాత్రలు మీరే డబ్బాలో సర్ది పెట్టండి. ఇంటికి రాగానే స్నానం చేశాకే వారి దగ్గర కూర్చోండి. ఆఫీసు నుంచి ఫోన్ చేసినప్పుడు ‘పిల్లలు తిన్నారా’ అని అడిగే ముందు, ‘నువ్వు తిన్నావా అమ్మా, గోలీ వేసుకున్నావా’ అని అడగండి.

- వ్యాసకర్త ప్రభుత్వ ఆసుపత్రిలో జనరల్ మెడిసిన్ వైద్యులు, ఎంబీబీఎస్, ఎండీ