మీకు తెలుసా? నేపియర్ వంతెన పేరు వెనుక రైతుల కథ

చెన్నైలో కూవం నది మీద, మెరీనాకు దగ్గర్లో ఉన్న నేపియర్ వంతెన మనలో చాలామంది చూసిందే. 2022లో చెస్ ఒలింపియాడ్ కోసం నలుపు తెలుపు గళ్లు వేశారే, అదే. ఆ పేరు 1866 నుంచి 1872 దాకా మద్రాసు గవర్నరుగా చేసిన స్కాట్లాండ్ ప్రభువు ఫ్రాన్సిస్ నేపియర్‌ది. అప్పట్లో మన కోస్తా, రాయలసీమ జిల్లాలు ఆయన ఏలుబడిలోనివే.

1819లో పుట్టిన ఆయనకు పదిహేనేళ్లకే తండ్రి పోయి, బిరుదు దక్కింది. అమెరికా, రష్యా, ప్రష్యాల్లో బ్రిటన్ రాయబారిగా పనిచేశారు. మద్రాసు వచ్చిన ఏడాదే గంజాం కరువు ఎదురైంది. 1872లో వైస్రాయ్ మేయో అండమాన్‌లో హత్యకు గురైతే, రెండు నెలలకు పైగా ఆ స్థానంలోనూ ఉన్నారు.

నా దృష్టిలో ఈ పదవులన్నింటికన్నా పెద్దపని ఆయన ఆ తర్వాత చేశారు.

స్కాట్లాండ్ ఉత్తరాన చిన్న చిన్న కౌలు చెక్కలు దున్నుకునేవాళ్లను క్రాఫ్టర్లు అంటారు. అప్పట్లో జమీందారు పొమ్మంటే వాళ్లు ఇల్లూ పొలమూ వదిలి పోవలసిందే. అక్కడి స్కై దీవిలో బ్రేస్ అనే చోట, కొండమీద పశువులు మేపుకునే హక్కు కోసం 1882లో రైతులు ఎదురు తిరిగారు. గ్లాస్గో నుంచి సుమారు యాభైమంది పోలీసులు దిగితే, ఆడవాళ్లు రాళ్లు అందుకున్నారు. మరుసటి ఏడాది ప్రభుత్వం విచారణ కమిషన్ వేసి నేపియర్‌ను అధ్యక్షుడిగా పెట్టింది. ఆయనా భూస్వామే.

1883 మే 8న తొలి విచారణ ఆ బ్రేస్‌లోనే మొదలైంది. మొదటి సాక్షి ఆంగస్ స్టీవర్ట్ తన గేలిక్ భాషలో మాట్లాడాడు, దుభాషీ ఇంగ్లీషులోకి మార్చాడు. గోడు చెప్పుకోవడానికి ముందు అతను కోరింది ఒక్కటే: ఇక్కడ నిజం చెప్పినందుకు నన్ను నా భూమి నుంచి వెళ్లగొట్టరని మాటివ్వండి. విచారణకు వచ్చినవాళ్లకు అసలు జబ్బేమిటో ఆ ఒక్క కోరికతోనే తెలిసిపోయి ఉంటుంది. కమిషన్ దీవులూ కొండ పల్లెలూ తిరిగి, ఏడు వందల మందికి పైగా సాక్షుల మాటలు నమోదు చేసింది. చదువు లేని కౌలుదారుల మాటలు ప్రభుత్వ సంపుటాల్లోకి ఎక్కాయి.

1884 నివేదికలో నేపియర్ ఊరుమ్మడి హక్కుల మీద ఎక్కువ ఆశ పెట్టుకున్నారు. పార్లమెంటు ఆ దారి పట్టలేదు, ఒక్కో రైతుకూ నేరుగా హక్కు ఇచ్చింది. 1886 చట్టం వచ్చాక, కౌలు సక్రమంగా కడుతూ షరతులు పాటించే క్రాఫ్టరును జమీందారు తన ఇష్టానికి వెళ్లగొట్టడానికి వీల్లేకపోయింది. ఆ హక్కు వారసులకూ దక్కింది. ఆంగస్ స్టీవర్ట్ అడిగిన హామీ మూడేళ్లకు చట్టమైంది.