వంట జిడ్డును కాలువలో పడనీయకండి

ఇంటి ముందు గదిలోనే కర్రీ పాయింటో, బజ్జీల కొట్టో నడుపుకుంటున్న సోదరీమణులు ఈనాడు మనలో చాలామందే ఉన్నారు. మూకుడు కడిగిన నీళ్లు ఎటు పోతున్నాయో గమనించారా? మురుగు కాలువలోకే కదా! కృష్ణా, గోదావరి డెల్టాల్లో ఎన్నో ఊళ్ల మంచినీటి చెరువులు నిండేది పంట కాలువల నుంచే. మురుగు వాటిలో కలిసిందా, తిరిగి మన బిందెలోకే వస్తుంది.

నూనె నీటిమీద తెట్టెలా పరుచుకుని గాలి సోకనివ్వదు. మెతుకులు, గంజి కుళ్లేటప్పుడు నీటిలోని ప్రాణవాయువు ఖర్చయిపోతుంది. చేపలు చచ్చి తేలేది అందుకే. చల్లారిన జిడ్డు తూముల్లో గట్టిపడితే మురుగు వీధిలోకి ఎగదన్నుతుంది.

మరి ఏం చేయాలంటారా? కడిగేముందు మూకుడును పాత కాగితంతో తుడిచి, ఆ కాగితం చెత్తబుట్టలో వేయండి. గంజి, బియ్యం కడుగు కుడితి గోలెంలో పోస్తే పాడి ఉన్నవాళ్లు పట్టుకెళతారు. సబ్బునీళ్లు మాత్రం కలపకండి. తూముకు ముందు చిన్న తొట్టి కట్టించండి. బయటికి పోయే గొట్టం మూతి తొట్టిలో నీటిమట్టానికి కిందుగా వంగి ఉండాలి. జిడ్డు పైన తేలి ఆగిపోతుంది, నీళ్లు మాత్రమే పోతాయి. వారానికోసారి జిడ్డు తీసేయాలి.

మాడిన నూనెను డబ్బాలో దాచండి. 2018 ఆగస్టులో మొదలైన రూకో పథకం కింద, అనుమతి ఉన్న సంస్థలు దాన్ని బయోడీజిల్ తయారీకి తీసుకుంటాయి. ఊరూపేరూ లేనివాళ్లకు అమ్మితే అది మళ్లీ ఎవరి మూకుట్లోకో చేరుతుంది సుమండీ!

రేపే ఒక డబ్బా, ఒక జల్లెడ కొట్టులో పెట్టి మొదలుపెట్టండి.