సూరత్ తీరంలో స్వల్ప భూకంపం

2023వ సంవత్సరం ఫిబ్రవరి 11వ తేదీన, అర్ధరాత్రి దాటి 52 నిమిషాలైనప్పుడు, సూరత్ ప్రాంతంలో భూమి కంపించినది. దాని పరిమాణం 3.8 అని గాంధీనగర్‌లోని భూకంప పరిశోధన సంస్థ నిర్ధారించినది. కంపకేంద్రం నగరానికి పశ్చిమ నైరుతి దిశగా 27 కిలోమీటర్ల దూరాన, హజీరా వద్ద అరేబియా సముద్రంలో ఉన్నది. నష్టమేమీ జరుగలేదు. తెలంగాణ జిల్లాల నుండి వలసవెళ్ళిన ఎన్నో నేత కుటుంబాలు సూరత్‌లో మరమగ్గాలపై జీవిస్తున్నవి. ఇదే కంపం పనివేళలో వచ్చియుంటే, మగ్గాల అదురులో అది వారిలో చాలామందికి తెలిసియుండెడిది కాదు.

భూకంప పరిమాణమన్నది విడుదలైన శక్తికి కొలత. తీవ్రత అన్నది ఒక్కొక్క చోట కలిగిన అదురుకు కొలత. మన పత్రికలు రెండింటినీ తీవ్రత అనియే వ్రాయుట వలన పాఠకులు తికమకపడుచున్నారు. పరిమాణం ఒక అంకె పెరిగినచో శక్తి సుమారు 32 రెట్లు పెరుగును. 2001 జనవరి 26న కచ్‌ను కూల్చిన 7.7 పరిమాణపు భూకంపంలో, హజీరా కంపంలో కంటె లక్షల రెట్లు అధికమైన శక్తి వెలువడినది.

ఇక లోతు సంగతి. 70 కిలోమీటర్ల లోపు పుట్టునవన్నీ శాస్త్రరీత్యా తక్కువ లోతువే. హిందూకుష్ పర్వతాల క్రింద 200 కిలోమీటర్లకు మించిన లోతున కూడ కంపాలు పుట్టును. అంత దూరం పైకి వచ్చుసరికి వాటి అలలు బలహీనపడి, విశాల ప్రాంతంలో మెల్లగా తెలియును. గుజరాత్ తీరపు కంపాలు అట్టివి కావు. హజీరా కంపపు లోతు సుమారు 5 కిలోమీటర్లే. లోతు తక్కువగుటచేతనే ఇంత చిన్న కంపం కూడ నగరవాసులకు తెలిసినది.

కేంద్రం సముద్రంలో ఉన్నదనగానే సునామీ భయం కలుగుట సహజం. కాని 3.8 పరిమాణపు కంపానికి సముద్రజలాన్ని ఎత్తివేయు శక్తి లేదు. అందుకు సామాన్యంగా 6.5కు పైబడిన కంపం కావలెను. 1945 నవంబరులో మక్రాన్ తీరంలో సుమారు 8 పరిమాణంతో వచ్చిన భూకంపం అరేబియా సముద్రంలో సునామీని పుట్టించినది. నేడు దేశానికంతటికీ సునామీ హెచ్చరికలు జారీచేయు కేంద్రం 2007 నుండి హైదరాబాద్‌లోనే పనిచేయుచున్నది.

అయితే చిన్న కంపాన్ని చూచి నిశ్చింతగా ఉండరాదు. 1970 మార్చి 23న సూరత్‌కు ఉత్తరాన గల భరూచ్‌లో 5.4 పరిమాణపు భూకంపమే ప్రాణాలు తీసినది. 2001లో కంపకేంద్రం 300 కిలోమీటర్లకు పైగా దూరాన ఉన్నను సూరత్‌లో బహుళ అంతస్తుల భవనం కూలి జనం మరణించిరి. తాపీనది తెచ్చిపోసిన మెత్తని ఒండ్రునేల అదురును పెంచును. వాహనాల కొరకు క్రింది అంతస్తును గోడలు లేక స్తంభాలపైననే నిలిపిన భవనాలు ముందుగా ఒరిగిపోవును. అట్టి ఇంటిలో అద్దెకున్నవారు సైతం ఆ స్తంభాలను ఇంజనీరుచే పరీక్షింపజేయుమని యజమానిని కోరవచ్చును. అదురు మొదలైనప్పుడు మెట్లవైపు పరుగెత్తక, గట్టి బల్ల క్రింద తల కాపాడుకొని, అది ఆగిన పిదప వెలుపలికి రావలెను.