పడినవారిని లేవనెత్తే ముందు

ఉక్కు కర్మాగారంలో పనిచేసే మనకు ఎత్తు కొత్త కాదు. 1959లో మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ వెలిగిన నాటి నుండి భిలాయిలో క్రేన్ల మీద, పరంజాల మీద నిత్యం పనులు సాగుతూనే ఉన్నాయి. పనిస్థలంలో జారిపడడం, దుర్గ్ రోడ్డుపై స్కూటరు బోల్తాపడడం, క్వార్టరు ఆవరణలోని మామిడిచెట్టుపై నుండి పిల్లవాడు పడడం – ఇవన్నీ వెన్నుపాముకు ముప్పు తేగల ప్రమాదాలే.

మేము ఉద్యోగంలో చేరిన తొలినాళ్ళలో, వేరొక ఊరి నిర్మాణస్థలంలో ఒక కార్మికుడు పరంజాపై నుండి పడ్డాడు. ఒంటిపై రక్తపు చుక్క లేదు. "కాళ్ళు ఉన్నట్టే తెలియడం లేదయ్యా" అన్నాడు. ఆ మాటకు అర్థం తెలియక మేమే నలుగురం అతని కాళ్ళు, చేతులు పట్టి ఎత్తి జీపులో కూర్చోబెట్టాము. అతడు మరల నడవలేదు. అందులో దెబ్బ వాటా ఎంతో, మా తొందరపాటు వాటా ఎంతో నేటికీ చెప్పలేము.

వెన్నుపాము సుమారు 45 సెంటీమీటర్ల నాడీతంతువుల కట్ట. 31 జతల నాడులు దాని నుండి వెలువడతాయి. మన పరిభాషలో ఇది మెయిన్ కేబుల్. ఎక్కడ తెగితే అక్కడి నుండి ఆవలి దీపాలు ఆరిపోతాయి. మెడ వద్ద దెబ్బ తగిలితే కాళ్ళు, చేతులు. వీపు వద్దనైతే కాళ్ళు చచ్చుబడవచ్చు. మెడ పైభాగంలోనైతే శ్వాసకే ప్రమాదం.

గమనించవలసిన లక్షణాలివి: మెడలో లేదా వెన్నులో తీవ్రమైన నొప్పి, కాళ్ళు, చేతులలో తిమ్మిరి, మంట లేదా స్పర్శ తెలియకపోవడం, వేళ్ళు కదపలేకపోవడం, మలమూత్రాలపై అదుపు తప్పడం, ఊపిరి అందకపోవడం. అధిక రక్తస్రావంలో సాధారణంగా నాడి వేగం హెచ్చుతుంది. వెన్నుపాము పైభాగం దెబ్బతిన్నప్పుడు రక్తపోటు పడిపోయినా నాడి మందగించవచ్చు. కొందరిలో ఈ లక్షణాలు కొంత ఆలస్యంగా బయటపడతాయి. స్పృహ లేనివారికి వెన్ను దెబ్బ ఉన్నదనే భావించాలి.

అట్టివారిని కూర్చోబెట్టరాదు, నీరు త్రాగించరాదు. తలను, మెడను రెండు చేతులతో కదలకుండా పట్టుకొని, అంబులెన్సుకు కబురు పంపాలి. మంటలు, విషవాయువు వంటి ప్రాణాపాయం ఉంటేనే, తల, మెడ, వెన్ను ఒకే వరుసలో ఉంచి తరలించాలి.

1954లో కారు ప్రమాదంలో రెండు కాళ్ళూ చచ్చుబడిన వేలూరు వైద్యురాలు డాక్టర్ మేరీ వర్గీస్, చక్రాల కుర్చీలో కూర్చునే శస్త్రచికిత్సలు చేశారు. గాయంతో జీవితం ముగియదు. అయితే ఆ గాయాన్ని పెంచకుండా చూడడం, మొదట చేరుకున్న మన చేతులలోనే ఉన్నది.